గర్భాశయపు ముహూర్తం

ఈ వారం వచ్చిన ఉత్తరాల కట్టలో నరసన్నపేట నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం అన్నిటికంటె బరువైనది. ఆరు పేజీలు. పేరు ప్రచురించవద్దని రెండుచోట్ల వ్రాసింది కనుక ప్రచురించడం లేదు. ఉత్తరమంతా అచ్చు వేస్తే ఈ పేజీ చాలదు. ముఖ్యమైన నాలుగు మాటలు మాత్రం ఇస్తున్నాను.

"అక్కా! నాకు ముప్ఫై ఏళ్ళు. పెళ్ళయి ఎనిమిదేళ్ళయింది. పిల్లలు లేరు. అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం అన్నీ తిరిగాము. పట్నంలో రెండుసార్లు టెస్ట్‌ట్యూబు వైద్యం కూడా చేయించుకున్నాము. రెండుసార్లూ పిండం బాగున్నదన్నారు, లోపల పెట్టారు, నిలవలేదు. ఇప్పుడేమో, 'పిండంలో లోపం లేదమ్మా, నీ గర్భాశయమే దాన్ని పట్టుకోవడం లేదు. లోపలి పొరమీద ఉండవలసిన ప్రొటీనులు వేళకు వస్తున్నాయో లేదో పరీక్ష చేయాలి' అంటున్నారు. మా అత్తకు ఇందులో అర్థమయింది ఒక్కటే ముక్క, 'నీ గర్భాశయమే' అన్నది. పెరట్లో ఆవును చూపించి, 'గొడ్డుకైనా రెండో సూదికి సూడి కట్టింది, దీనికి కట్టనేదు' అంటుంది. ఆ పరీక్షకూ, మళ్ళీ వైద్యానికీ నా నాలుగు తులాల గాజులు అమ్ముదామంటున్నారు మావారు. నాకు రెండు సంగతులు చెప్పండి. ఆ ప్రొటీనులంటే ఏమిటి? తప్పు నిజంగా నా కడుపుదేనా?"

సోదరీ, రెండో ప్రశ్నకే ముందు జవాబు చెపుతాను. తప్పు నీ కడుపుదేనని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. నీవు వ్రాసినదాన్నిబట్టి తేల్చడానికి తగిన పరీక్షలన్నీ జరిగినట్లు కూడా లేదు. ఇక మొదటి ప్రశ్నకు జవాబు కాస్త పొడుగు. వంటపని ముగించుకుని, అత్తగారిని కూడా దగ్గర కూర్చోబెట్టుకుని చదువు.

మన శరీరంలో ప్రతి జీవకణానికీ చుట్టూ సన్నని కొవ్వు పొర ఒకటి ఉంటుంది. ఆ పొరలో అక్కడక్కడ ప్రొటీనులు గుచ్చుకుని ఉంటాయి. కొన్ని లోపలికీ బయటికీ దారులు. కొన్ని బయటినుంచి వచ్చే కబురు అందుకునేవి. మరికొన్ని పక్క కణాన్ని పట్టుకునే గొళ్ళాలు. చాలావాటికి కొసన చక్కెర గొలుసులు వేలాడుతూ ఉంటాయి, గుమ్మానికి తోరణం కట్టినట్టు. కణం ఎవరిని రానివ్వాలి, ఎవరిని పొమ్మనాలి అన్నది ఈ పైభాగపు ప్రొటీనులమీదే చాలావరకు ఆధారపడి ఉన్నది. స్త్రీ గర్భకోశంలో మొదటినుంచి చివరిదాకా, అంటే శుక్రకణం అండవాహికలో అడుగుపెట్టింది మొదలు పిండం గర్భాశయంలో కుదురుకునేదాకా, జరిగే పనిలో చాలా భాగం వీటి చేతిమీదుగా జరిగేదే.

మీ అత్తగారు ఆవు మాట ఎత్తారు కనుక ఆవుతోనే మొదలుపెడతాను. ఆవు ఉదయం ఎదకు వస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు ఉదయం సూది వేయించాలని పశువుల ఆసుపత్రిలో చెపుతారు కదా. అండం విడుదలయ్యే వేళకు శుక్రకణాలు లోపల సిద్ధంగా ఉండాలని ఈ లెక్క. లోపలికి వెళ్ళిన కోట్ల కణాలలో అండవాహిక చేరేవి చాలా స్వల్పం. అక్కడ గోడకు అంటుకుని, విశ్రాంతిగా, ప్రాణంతో వేచి ఉంటాయి. ఎలా అంటుకుంటాయి? ఎద్దు వీర్యద్రవంలో పి.డి.సి.-109 అనే ప్రొటీను ఒకటి ఉన్నది. అది శుక్రకణానికి పైపూతలాగా పట్టుకుంటుంది. ఆ పూతను అండవాహిక గోడ కణాలమీద ఉండే ఎనెక్సిన్ అనే ప్రొటీనులు అందుకుంటాయి. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో సూజన్ స్వారెజ్ బృందం ఈ బంధాన్ని బయటపెట్టింది. ఆ పి.డి.సి.-109 కణపు కొవ్వు పొరను ఎలా పట్టుకుంటుందో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ముస్తి జె. స్వామిగారు, వారి శిష్యులు ఏళ్ళ తరబడి పరిశోధించారు. హైదరాబాదులోనే సి.సి.ఎం.బి. స్థాపకుడు పుష్పమిత్ర భార్గవ, ఇ.ఎస్.పి. రెడ్డిగార్లు ఎద్దు వీర్యద్రవంలో సూక్ష్మజీవులను అణచే ప్రొటీను ఒకటి ఉన్నదని 1979లో ప్రకటించారు. ఈ విద్యలో మనవాళ్ళేమీ వెనుకబడిలేరని చెప్పడానికి ఇది వ్రాస్తున్నాను.

ఇంకో సంగతి. స్త్రీ శరీరంలో కొంతసేపు గడిపితేగాని శుక్రకణానికి అండంలో ప్రవేశించే యోగ్యత రాదని 1951లో అమెరికాలో చాంగ్, ఆస్ట్రేలియాలో ఆస్టిన్ విడివిడిగా కనిపెట్టారు. అంతవరకు స్త్రీ గర్భకోశమంటే ఉత్త దారి అనుకున్నారు. అది దారి మాత్రమే కాదు, శిక్షణ ఇచ్చే బడి కూడా అని అప్పుడు తెలిసింది.

ఇక అండం. 2005లో జపానులో ఒకాబే బృందం శుక్రకణం తలమీద ఒక ప్రొటీనును గుర్తించింది. పెళ్ళి సంబంధాలు కలిపే దేవుడని అక్కడివారు కొలిచే ఇజుమో క్షేత్రం పేరే దానికి పెట్టారు. అది లేని మగ ఎలుకల శుక్రకణాలు చూడడానికి బాగుంటాయి, బాగా ఈదుతాయి, అండం దగ్గరికి చేరుతాయి కూడా. కాని అండంతో కలవలేవు. దానికి జతగా అండంమీద ఉండే ప్రొటీను ఏదో తెలియడానికి ఇంకో తొమ్మిదేళ్ళు పట్టింది. 2014లో ఇంగ్లండులోని శాంగర్ సంస్థలో గావిన్ రైట్ బృందం దాన్ని పట్టుకుని, రోమనుల వివాహదేవత పేరున జూనో అన్నది. ఒక శుక్రకణం లోపలికి పోయిన అరగంట, ముప్పావుగంటలో అండం తన ఒంటిమీది జూనోను విదిలించేసుకుంటుంది. రెండో కణానికి తలుపు మూసినట్లే.

ఈ జూనో కథలో తెలుగువారికి ఒక బంధుత్వం ఉన్నది. జూనో అని పేరు పెట్టకముందు దాన్ని ఫోలిక్ ఆమ్లాన్ని అందుకునే ప్రొటీనుల కుటుంబంలో నాలుగోదిగా లెక్కవేసేవారు. వంశం అదేగాని ఇది ఫోలిక్ ఆమ్లాన్ని ముట్టదు. ఆ ఫోలిక్ ఆమ్లం చరిత్ర మన దేశంతో ముడిపడి ఉన్నది. బొంబాయిలో నేతమిల్లుల గర్భిణీస్త్రీల రక్తహీనతను లూసీ విల్స్ అనే డాక్టరమ్మ పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమవుతుందని 1931లో చూపింది. ఆ సారంలో మందు ఏదో తెలిసి, దాన్ని ప్రయోగశాలలో తయారుచేయడం 1940ల నడుమ అమెరికాలో లెడర్లీ సంస్థలో జరిగింది. అక్కడ పరిశోధనలకు పెద్దగా ఉన్నది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. గర్భం కోసం ఎదురుచూసే ప్రతి స్త్రీ రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ముందునుంచే తీసుకోవాలని ఈనాడు డాక్టర్లు చెపుతారు. బిడ్డ వెన్నెముక లోపాలను అది బాగా తగ్గిస్తుందని 1991లో బ్రిటిషు వైద్య పరిశోధన మండలి జరిపిన పరీక్షలో తేలింది. సోదరీ, నీవు ఆ మాత్ర వేసుకుంటున్నావా? ఉత్తరంలో వ్రాయలేదు.

ఇప్పుడు అసలు సంగతి, నీ గర్భాశయం.

పిండం అండవాహికలో ప్రయాణం చేసి నాలుగైదు రోజులకు గర్భాశయం చేరుతుంది. గర్భాశయం ఎప్పుడంటే అప్పుడు దాన్ని పట్టుకోదు. ఇరవై ఎనిమిది రోజుల ఋతుచక్రంలో సుమారు ఇరవయ్యో రోజునుంచి ఇరవైనాలుగో రోజుదాకా మాత్రమే ఆ పొర మెత్తబడి ఉంటుంది. మనవాళ్ళు శుభకార్యానికి ముహూర్తం పెట్టినట్టు గర్భాశయానికీ ఒక ముహూర్తం ఉన్నదన్నమాట.

మామూలు రోజులలో పొరమీద ఎమ్.యు.సి.-1 అనే ప్రొటీను పొడుగ్గా, చక్కెర గొలుసులతో దడికట్టి నిలబడుతుంది. అది వచ్చినవాటిని అంటుకోనివ్వదు, సూక్ష్మజీవులనూ ఆపుతుంది. పిండం ఆనిన చోట మాత్రం ఈ దడి తొలగిపోవడం ప్రయోగశాలలో చూశారు. తరువాత పిండం తన ఒంటిమీది సెలెక్టిన్ అనే ప్రొటీనుతో పొరమీది చక్కెర గొలుసులను తడుముకుంటూ మెల్లగా ఆగుతుంది. మన రక్తంలోని తెల్లకణాలు గాయం దగ్గర రక్తనాళం గోడమీద ఆగేదీ ఇదే ఉపాయంతో. ఈ పోలికను 2003లో కాలిఫోర్నియాలో సూజన్ ఫిషర్ బృందం బయటపెట్టింది. అటుపైన గట్టిగా పట్టుకోవడానికి ఇంటెగ్రిన్లనే ప్రొటీనులున్నాయి. వాటిలో ఒకటి సరిగా ముహూర్తం మొదలయ్యే ఇరవయ్యో రోజుకు పొరమీద కనబడుతుందని 1992లో బ్రూస్ లెస్సీ అనే అమెరికన్ డాక్టరు ప్రకటించాడు. పిల్లలు లేని కొందరు స్త్రీలలో అది వేళకు రావడం లేదని కూడా చూశాడు. నీకు చెప్పిన 'పొరమీది ప్రొటీనుల' మాటకు మూలం ఇటువంటి పరిశోధనలే.

కంటికి కనబడని వీటిని ఎలా పోల్చుకుంటారని అడుగుతావేమో. ఉపాయం చెపుతాను. వంటింట్లో వాళ్ళకు బాగా అర్థమవుతుంది. బయోటిన్ అని ఒక బి విటమిను ఉన్నది. పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలో ఎవిడిన్ అనే ప్రొటీను ఉన్నది. ఈ రెండూ కలిస్తే విడదీయడం బ్రహ్మతరం కాదు. శాస్త్రజ్ఞులు బయోటిన్‌కు ఒక తోక తగిలిస్తారు, కణం లోపలికి దూరలేకుండా. ప్రాణంతో ఉన్న కణాలమీద దాన్ని పోస్తే అది పైన ఉన్న ప్రొటీనులకు మాత్రమే అంటుకుంటుంది, గోడ బయటివైపు మాత్రమే సున్నం పడినట్టు. తరువాత కణాలను పగలగొట్టి ఆ రసాన్ని ఎవిడిన్ పట్టించిన పూసలమీదుగా పోనిస్తారు. బయోటిన్ తగిలినవి చిక్కుకుంటాయి, మిగిలినవి కొట్టుకుపోతాయి. చిక్కినవాటిని ముక్కలుచేసి, ప్రతి ముక్కనూ ఒక యంత్రంలో తూస్తారు. మీ నరసన్నపేట బజారులో బంగారం తూచే త్రాసు దీనిముందు ఏపాటిదీ కాదు. ముక్క బరువునుబట్టి అది ఏ ప్రొటీనుదో జన్యువుల పట్టికతో సరిచూసి పేరు చెపుతారు.

వినడానికి సులువుగా ఉన్నా చేయడం కష్టం. పైభాగపు ప్రొటీనులు కణంలోని మిగతావాటితో పోలిస్తే బహు కొంచెం. కొవ్వులో ఉండేవి కనుక నీటిలో తేలికగా కరగవు. నాలుగు కణాలు చచ్చి పగిలినా వాటి లోపలి సరుకు కలిసిపోయి లెక్క తప్పుతుంది. అన్నిటికంటె పెద్ద చిక్కు, ఈ పొర రోజుకో తీరుగా మారుతుంది. పదిహేనో రోజు తీసిన ముక్క ఇరవయ్యో రోజు సంగతి చెప్పదు. ఈ నెల తీసిన ముక్క వచ్చే నెల సంగతి కచ్చితంగా చెప్పదు. మనుష్యులలో, అందులోనూ గర్భం నిలిచే నెలలో, లోపలినుంచి ముక్క తీయడం న్యాయమూ కాదు. అందుకని తెలిసినదానిలో చాలా భాగం ఎలుకలనుంచి, కబేళాలో దొరికే ఆవుల, పందుల అవయవాలనుంచి వచ్చినదే.

ఇక్కడ మీ అత్తగారికి ఒక మాట చెప్పాలి. ఆవు కడుపు, ఆడదాని కడుపు ఒకటి కావమ్మా. ఆవులో పిండం మూడు వారాలదాకా లోపల తేలుతూ, దారంలాగా సాగుతూ, అప్పుడుగాని గోడను అంటుకోదు. మనిషి పిండం వారం పదిరోజులలోనే పొరలోకి తవ్వుకుని పోతుంది. పైగా ఆవు మొదటి సూదికి చూడి కట్టకపోతే మీరేమన్నారు? 'తిరగబొర్లింది' అన్నారు. సూది వేసిన వేళ సరిగాలేదేమో అన్నారు, సూదిలో సరుకు మంచిది కాదేమో అన్నారు. రెండోసారి వేయించారు. ఆ న్యాయం కోడలికి కూడా జరిపించండి. అంతకంటె ఎక్కువ అడగను.

సోదరీ, ఇప్పుడు గాజుల సంగతి. ఇంటెగ్రిన్ వేళకు రాని స్త్రీలు కొందరు తల్లులయ్యారు, సరిగా వచ్చినవారు కొందరు కాలేదు. కనుక ఆ ఒక్క ప్రొటీను చూసి తీర్పు చెప్పవచ్చునని వైద్యలోకం ఒప్పుకోలేదు. ముహూర్తం కనిపెట్టడానికి పొరలోని జన్యువుల పనిని చూసే ఇంకో పరీక్ష వచ్చింది, బాగా అమ్ముడుపోయింది కూడా. జన్యుపరీక్షలో బాగున్నట్లు తేలిన పిండాలున్న ఏడువందల పైచిలుకు స్త్రీలను అమెరికాలో రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఆ పరీక్ష చెప్పిన వేళకు, రెండో జట్టుకు మామూలు వేళకు పిండం పెట్టారు. బిడ్డలు పుట్టడంలో ఆ పరీక్షవల్ల లాభమేమీ కనబడలేదని 2022లో ప్రకటించారు. పిండం పట్టుకోవడానికని గర్భాశయపు పొరను గీకే పద్ధతి ఒకటి ఉన్నది. అదీ లాభం లేదని 2019లో పెద్ద పరీక్షలోనే తేలింది. శాస్త్రం అబద్ధమని కాదు నేను చెప్పేది. శాస్త్రం ఇంకా వెతుకుతున్నదాన్ని దుకాణం అప్పుడే అమ్ముతున్నదని. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు.

కనుక గాజులు తీసేముందు మీ ఆయనా నీవూ కలిసి వెళ్ళి కొన్ని ప్రశ్నలు అడగండి. ఈ పరీక్షవల్ల బిడ్డలు పుట్టే అవకాశం పెరిగిందని ఎక్కడ రుజువైంది? 'పిండం బాగున్నది' అంటే సూక్ష్మదర్శినిలో చూసి అన్నమాటా, లేక దాని క్రోమోజోములు పరీక్షించి అన్నమాటా? పైకి బాగున్న పిండంలో కూడా క్రోమోజోముల లెక్క తప్పి ఉండవచ్చు, పిండం నిలవకపోవడానికి అన్నిటికంటె సాధారణమైన కారణం అదే. గర్భాశయపు క్షయ ఉన్నదేమో చూశారా? మన దేశంలో అది చాటుగా అండవాహికలనూ గర్భాశయపు పొరనూ పాడుచేస్తుంది, మందులున్న జబ్బు. అండవాహికలో నీరు చేరిందేమో, గర్భాశయంలో కండ పెరిగిందేమో, థైరాయిడ్ ఎలా ఉన్నదో చూశారా? 2021 చట్టం ప్రకారం ఇటువంటి ఆసుపత్రులన్నీ రిజిస్టరు కావాలి. మీరు వెళ్ళేది అయిందా?

అన్నిటికంటె ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉన్నది. ఆరు పేజీల ఉత్తరంలో నీ పరీక్షలు పదకొండు లెక్కపెట్టాను. మీ ఆయన పరీక్ష ఒక్కటీ కనబడలేదు. చేయించి ఉంటే సరే. లేకపోతే అక్కడ మొదలుపెట్టండి. సంతానం లేని దంపతులలో దాదాపు సగంమంది విషయంలో పురుషుడివైపు కూడా కారణం ఉంటుంది. కౌంటు బాగున్నది అన్నంతమాత్రాన కూడా చాలదు. ఇజుమో లేని ఎలుకల కథ అందుకే చెప్పాను.

ఒక సొంత సంగతి చెప్పి ముగిస్తాను. మా మేనత్తకు పిల్లలు లేరు. గొడ్రాలని పేరు. సీమంతాలకు పిలిచేవారు కాదు, పిలిస్తే పసుపుకుంకాలు చివర ఇచ్చేవారు. పదేళ్ళు చూసి ఆవిడ భర్త రెండో పెళ్ళి చేసుకున్నాడు. 1955 చట్టం రాకముందు మాట. రెండో ఆవిడకూ పిల్లలు లేరు. అప్పుడైనా ఊళ్ళో ఎవరికైనా అనుమానం కలిగిందా? లేదు. "ఏమి శాపమో, ఇద్దరు ఆడవాళ్ళూ గొడ్రాళ్ళే దొరికారు పాపం ఆయనకు" అన్నారు! ఆ ఇద్దరూ అక్కచెల్లెళ్ళలాగా బతికి, ఇంటినిండా ఎవరెవరి పిల్లలనో పెంచి, వెళ్ళిపోయారు. మా అత్త పెట్టిన అన్నం తిని పెరిగినవాళ్ళలో నేనూ ఒకర్తెను. ఆవిడ ఒంట్లో ఏ ప్రొటీను ఉన్నదో ఏది లేదో ఎవరూ చూడలేదు. చూడకుండానే తీర్పు చెప్పారు. అదే నాకు ఈనాటికీ కష్టంగా ఉంటుంది.

నీవు గాజులు అమ్మవద్దని నేను చెప్పను. బిడ్డ కావాలన్న కోరిక ముందు నాలుగు తులాలు పెద్దది కాదని నాకు తెలుసు. తెలిసి ఖర్చుపెట్టు, ఇద్దరూ పరీక్ష చేయించుకున్నాక ఖర్చుపెట్టు. ఫలితం ఏమైనా తలవంచుకోకు. గర్భాశయపు పొరమీద ఏ గొళ్ళెం ఏ రోజు తెరుచుకుంటుందో పెద్దపెద్ద ప్రయోగశాలలలోనే ఇంకా వెతుకుతున్నారు. అటువంటిది తమకు తెలుసునన్నట్టు వీధి అరుగుమీద కూర్చుని మాట్లాడేవారికి నీవు జవాబు చెప్పనక్కరలేదు.

పరీక్షల కాగితాలు వచ్చాక మళ్ళీ ఉత్తరం వ్రాయి. ఈసారి మీ ఆయనను కూడా ఒక పేజీ వ్రాయమను.

వచ్చేవారం, ఎండాకాలం చంటిపిల్లలకు స్నానం ఎన్నిసార్లు అని అడిగిన ముగ్గురు సోదరీమణులకు జవాబు.